బొంగరం పుట్టుపూర్వోత్తరాలు

పిల్లలూ! మీ ఇంట్లో ఒక బొంగరం వున్నదనుకోండి. అది ఎక్కడ నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే, "కొట్లో కొన్నాం" అంటారు. నేను బడిలో వున్న రోజులలో ఇటువంటి జవాబుకు సున్నా వేసేవాణ్ణి కాదుగాని, సగం మార్కులు మాత్రమే వేసేవాణ్ణి. మిగతా సగం జవాబు కోసం కిందటి సంక్రాంతి సెలవులలో నేనూ, మా మనవరాలూ ఏటికొప్పాక వెళ్ళివచ్చాము.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున వున్న ఊరు. 2022కు ముందు అది విశాఖపట్నం జిల్లాలో వుండేది. మేము రాజమండ్రిలో తెల్లవారుజామున రైలెక్కి ఎలమంచిలిలో దిగి, అక్కడ ఒక ఆటో కట్టించుకున్నాము. దారిపొడుగునా చెరుకు తోటలు. ఏట్లో నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. ఊళ్ళో అడుగుపెట్టగానే జుయ్యిమని ఒక చప్పుడు వినిపించింది. తేనెటీగల తుట్టె కదిలిందేమో అనుకున్నది మా మనవరాలు. తీరా చూస్తే అది తరిమెనల చప్పుడు. తరిమెన అంటే కర్రను గిరగిర తిప్పి చెక్కే యంత్రం. ఇప్పుడు అందరూ లేతు అంటున్నారు.

మా మనవరాలు ఏడో తరగతి చదువుతున్నది. ఏదైనా ఒక వస్తువును ఎన్నుకుని, అది పుట్టినప్పటి నుంచి మన చేతికి వచ్చేదాకా దాని చరిత్ర రాయమని వాళ్ళ బడిలో చెప్పారట. అందుకని అది ఒక నోటుపుస్తకం, వాళ్ళమ్మ కేకుకు పిండి తూచుకునే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు సంచిలో పెట్టుకుని బయలుదేరింది. నేను ఎందుకు బయలుదేరానో అది అడగలేదు. నేనే మీకు చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట నేను హెడ్మాస్టరుగా వున్న ఒక బడిలో, చిన్న పిల్లల తరగతి కోసం సంతలో ఒక బుట్టెడు బొమ్మలు కొన్నాను. ఎర్రనివి, పసుపుపచ్చనివి, తళతళ మెరిసిపోతున్నాయి. వారం తిరిగేసరికి ఒక పిల్లవాడి పెదవుల మీద, నాలుక మీద పసుపు రంగు కనిపించింది. బొమ్మ నోట్లో పెట్టుకుని చప్పరించాడు. పంతులమ్మగారు కంగారుపడి వాణ్ణి నా దగ్గరకు తీసుకువచ్చారు. నేను నవ్వి, "నోరు కడిగించండి, అదే పోతుంది" అన్నాను. ఆ రంగు దేనితో తయారైందని బొమ్మలమ్మినవాణ్ణి నేను అడగనే లేదు. లెక్కలు చెప్పే పంతులుగా గుడ్డు, చింతపండు, గుడ్డముక్క అన్నింటికీ బేరమాడి, పైసాతో సహా చిట్టా రాసినవాణ్ణి, ఈ ఒక్క సంగతి అడగలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గువేస్తుంది.

ఎందుకంటారా? కొన్ని పసుపు రంగులలో, ఎర్ర రంగులలో సీసం కలుస్తుంది. దానివల్ల రంగు కాంతిగా వుంటుంది, తొందరగా ఆరుతుంది. కాని ఆ సీసం పసిపిల్లల ఒంట్లో చేరితే మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగులలో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకంటె ఎక్కువ సీసం వుండకూడదని 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. ఈ 90 ఎంతో తెలుసుకోవాలంటే ఒక చిన్న లెక్క చెయ్యండి. ఒక కిలోకు పది లక్షల మిల్లీగ్రాములు. అంటే ఒక కిలో రంగులో సీసం 90 మిల్లీగ్రాములు దాటరాదన్నమాట. కొన్ని ఉప్పురవ్వలంత! కంటికి కనపడనిదాన్ని కొలిస్తేనే తెలుస్తుంది. చూపుకు నమ్మకం లేదు.

ఇక ఏటికొప్పాక సంగతికి వద్దాం. ఇక్కడి పనివాళ్ళు కూడ ఒకప్పుడు రసాయనపు రంగులకు అలవాటుపడినవారే. ఈ ఊరివారే అయిన సి. వి. రాజుగారు చెట్ల నుంచి, వేళ్ళ నుంచి, గింజల నుంచి రంగులు తీసే పాత పద్ధతులను వెదికి, కొత్త ప్రయోగాలు చేసి, వాటిని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 రిపబ్లిక్ దినోత్సవంనాడు ఢిల్లీలో మన రాష్ట్రపు శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

మేము ఒక మేస్త్రిగారి ఇంటికి వెళ్ళాము. ఇంటి ముందు వసారాలోనే తరిమెన. "ఏం కావాలి మాస్టారూ? రాజు రాణీ వున్నాయి, ఎడ్లబండి వున్నది" అన్నారాయన.

"ఒక బొంగరం చేసిపెట్టండి మేస్త్రిగారూ. మీరు చేస్తూంటే మా అమ్మాయి తూకాలు వేసుకుంటుంది" అన్నాను.

"తూకాలా? బొంగరాన్ని తూకానికి కొంటారా ఏమిటి?" అని ఆయన పెద్దగా నవ్వారు.

ఆయన ఒక కర్రముక్క తీశారు. తెల్లగా, నునుపుగా, ఏనుగు దంతంలాగ వున్నది. అది అంకుడు కర్ర. ఈ చెట్టును గిల్లితే పాలు కారుతాయి. తెల్లని పూలు పూస్తుంది. కాయలు సన్నగా, పొడుగుగా, జంటలుగా వేలాడుతూ, చివరలు రెండూ అతుక్కుని వుంటాయి. కర్ర మెత్తన, ఉలి తగిలితే వెన్నలాగ తెగుతుంది. కాని పచ్చి కర్ర పనికిరాదు. బాగా ఆరాలి, లేకపోతే బొమ్మ చేసిన తరవాత పగులుతుంది.

మనవరాలు కర్రను త్రాసుమీద పెట్టింది. 212 గ్రాములు. మేస్త్రిగారు దాన్ని తరిమెనకు బిగించి మీట నొక్కారు. వెనకటికి ఒకరు తాడు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగుతూంటే, ఇంకొకరు చెక్కేవారట. ఇప్పుడు అర హార్స్‌పవర్ మోటారు ఆ పని చేస్తున్నది. ఉలి ఆనించగానే కర్ర చుట్లుచుట్లుగా లేచి తెల్లని రిబ్బనులాగ వచ్చింది. చూస్తూండగానే బొంగరం పొట్ట, నడుము, మొన తేలినవి. తూస్తే బొంగరం 64 గ్రాములు!

"తాతయ్యా, మిగతాదంతా వృథాయేనా?" అన్నది మనవరాలు.

తూచందే మాట్లాడరాదు గదా! కింద పరిచిన గోనె మీది చెక్కుపొట్టును కూడగట్టి తూచాము. 141 గ్రాములు. దీన్ని మేస్త్రిగారి భార్య బుట్టలోకి ఎత్తుకుంది, పొయ్యిలోకి వాడుతుందట. 64, 141 కలిపితే 205. మరి 212 లోంచి 7 గ్రాములు ఎక్కడికి పోయినట్టు? మా మనవరాలు గోనె దులిపింది, బల్ల కింద వెదికింది. మేస్త్రిగారు నవ్వుతూ తన గుండెమీద తట్టుకున్నారు.

"కొంత గాలిలోకి పోయింది. కొంత ఇక్కడుంటుందమ్మా" అన్నారు.

మా మనవరాలు పెన్సిలు పట్టుకుని ఆయనకేసి చూస్తూ వుండిపోయింది. ఆయన మెడలో ఒక తుండుగుడ్డ వున్నది. పని చేసేటప్పుడు దాన్ని ముక్కుకు కట్టుకోమని డాక్టరు చెప్పాడట. ఉక్కపోతకు కట్టుకోలేనని ఆయన అన్నారు.

తరవాత రంగు. ఇది చూడవలసిన వింత. రంగును కుంచెతో వెయ్యరు. లక్కను వేడిచేసి మెత్తబరిచి, అందులో రంగు కలిపి పిసికి, కడ్డీలుగా చేసి పెట్టుకుంటారు. బొంగరం గిరగిర తిరుగుతూండగా ఆ కడ్డీని ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాగ మెరుస్తుంది. పసుపు రంగు పసుపుకొమ్ముల నుంచే వస్తుంది. నీలం నీలిమొక్క నుంచి, నారింజ రంగు జాఫ్రా గింజల నుంచి. జాఫ్రా మన విశాఖ మన్యంలోనే పండుతుంది. నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ అవుతుందని మీకు డ్రాయింగు మాస్టారు చెప్పేవుంటారు.

భారతంలో లక్క ఇల్లు కథ మీకు తెలుసు. ఆ లక్కను తయారుచేసేది ఒక పురుగు. పుట్టినప్పుడు నువ్వుగింజకన్న చిన్నది. మోదుగ, రేగు మొదలైన చెట్ల లేత కొమ్మలకు లక్షల సంఖ్యలో అంటుకుని, వాటి రసం తాగి, తన రక్షణకోసం ఒంటిచుట్టూ లక్కను కారుస్తుంది. ఒక కిలో లక్కకు సుమారు 3 లక్షల పురుగులు కావాలంటారు. దేశంలో అన్నిటికంటె ఎక్కువ లక్క వచ్చేది జార్ఖండు రాష్ట్రం నుంచి. రాంచీ దగ్గర లక్క పరిశోధనకు ఒక సంస్థను 1924లోనే పెట్టారు. మా మేస్త్రిగారి లక్క కూడ రాంచీ వైపు నుంచే వస్తున్నదట. చూశారా! ఊళ్ళో చేసిన బొంగరమే అయినా, అందులో కొంత భాగం రైళ్ళలో, లారీలలో ఎంత దూరం తిరిగి వచ్చిందో!

ఈ విధంగా ఒక వస్తువు జాతకమంతా లెక్క కట్టడం కొత్త సంగతి కాదు. 1969లో అమెరికాలో కోకాకోలా కంపెనీవారికి ఒక సందేహం వచ్చింది: తమ పానీయాన్ని గాజు సీసాలో పొయ్యాలా, ప్లాస్టిక్ సీసాలో పొయ్యాలా? వాళ్ళు మిడ్‌వెస్ట్ పరిశోధనా సంస్థను అడిగారు. ఆ సంస్థవారు సీసా ఒక్కదాన్నే చూసి ఊరుకోలేదు. దానికి కావలసిన ముడిసరుకు ఎంత, ఎంత ఇంధనం కాలుతుంది, ఎంత చెత్త మిగులుతుంది అని మొదటినుంచి పారవేసేదాకా లెక్కవేశారు. తరవాత ఇది ఒక శాస్త్రమే అయింది. దీన్ని ఎలా చెయ్యాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం 1997లో వెలువడింది. ఇప్పుడు చొక్కాకు, సబ్బుకు, చాక్లెట్టుకు కూడ ఇటువంటి లెక్కలు కడుతున్నారు.

మేము కూడ కట్టాము. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అందులో సగం 373. బొంగరం చెయ్యడానికి 12 నిమిషాలు, అనగా గంటలో అయిదో వంతు పట్టింది. 373ను 5తో భాగిస్తే సుమారు 75. వెయ్యి అయితే ఒక యూనిట్ గదా! కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో ఇంచుమించు 13 బొంగరాలు చెయ్యవచ్చు. కరెంటు సంగతిలో బొంగరానికి మంచి మార్కులే వచ్చాయి.

కర్ర సంగతిలో మాత్రం మేస్త్రిగారి ముఖం చిన్నబోయింది. "మా నాన్న రోజులలో సైకిలు మీద పోయి పక్క గుట్టల నుంచి మోపు కట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు ఎంతో దూరం పోవాలి, అయినా లావు కర్ర దొరకదు" అన్నారు. అంకుడు మొండి చెట్టు. మొదలు వదిలి నరికితే మళ్ళీ చిగురిస్తుంది. కాని తిరిగి బొమ్మకు పనికివచ్చేంత లావు కావడానికి ఏళ్ళు పడుతుంది. బొమ్మలు ఎక్కువగా అమ్ముడుపోతే కర్ర ఇంకా తొందరగా తరుగుతుంది. రంగులు ఎంత మంచివైనా, చెట్టు నాటనిదే లెక్క సరిపోదు. "సహజమైనది" అని అట్టపెట్టె మీద రాసినంతమాత్రాన ఈ లోటు పూడదు గదా!

"మరి ప్లాస్టిక్ బొంగరం చవక కదా, తాతయ్యా?" అన్నది మనవరాలు. చవకే. అది రెండు రోజులకు విరిగితే దాని లెక్కనంతా రెండుతో భాగించాలి. ఇది పదేళ్ళు ఆడితే పదేళ్ళ రోజులతో భాగించాలి. అయితే ఇది కూడ అలమరలో పెట్టి మరచిపోతే భాగించడానికి ఏమీ వుండదు. ఆ మాట కూడ చెప్పాను.

చివరకు మనవరాలు నోటుపుస్తకం మేస్త్రిగారికి చూపించింది. కర్ర, లక్క, రంగు, కరెంటు, ప్రయాణం అని అయిదు గడులు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అంతా శ్రద్ధగా చదివారు.

"బాగుందమ్మా. నేనెక్కడున్నాను?" అన్నారు.

అది నావైపు చూసింది. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ గడి నాకూ తట్టలేదు. మనవరాలు రూళ్ళకర్ర తీసి ఆరో గడి గీసింది. పైన "మేస్త్రిగారు" అని రాసింది. కూలి ఎంత గిడుతుందో ఆయన చెప్పిన అంకె వేసి, దాని కింద "7 గ్రాములు" అని రాసి పెద్ద ప్రశ్నార్థకం పెట్టింది.

బయలుదేరేటప్పుడు ఆయన భార్య బొంగరాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టబోతే, మనవరాలు వద్దని పాత వార్తాపత్రికలో చుట్టించుకుంది. ఆవిడ నవ్వి, పెరట్లోని అంకుడు చెట్టు నుంచి ఎండిన కాయల జత ఒకటి తెంపి ఇచ్చింది. అందులో దూదిపింజలు అంటుకున్న సన్నని గింజలు వున్నాయి. ఇంటికి వచ్చి తొమ్మిది గింజలు కుండీలలో పాతాము. నాలుగు మొలిచాయి. ఒకదాన్ని మేక తినిపోయింది. మిగతా మూడింటిని మనవరాలు ప్రతి ఆదివారం స్కేలుతో కొలిచి, ఆ నోటుపుస్తకంలోనే రాసుకుంటున్నది. కిందటి ఆదివారానికి పెద్దది 31 సెంటీమీటర్లు.