నాలుగు చక్రాలు, నాలుగు ఆదివారాలు

మాది బొల్లాపల్లి. మా అబ్బాయి ఏడో తరగతి. ఈసారి మార్కుల గురించి కాకుండా మా కారు చక్రాల గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నాం. పాత ఓనరు దానికి అద్దంలా మెరిసే పాలిష్డ్ అల్లాయ్ చక్రాలు వేయించాడు. మా దారుల దుమ్ము, బోరు నీళ్ల తెల్ల మరకలు, బ్రేకుల నుంచి రాలే నల్లటి పొడి కలిసి వాటి మెరుపు పోయింది. 'వచ్చే ఆదివారం చూద్దాంలే' అని వాయిదా వేస్తూ వచ్చాను.

ఒక ఆదివారం నేను పొలం నుంచి వచ్చేసరికి మావాడు బాత్రూమ్ యాసిడ్, స్టీలు పీచు పట్టుకుని చక్రం తోముతున్నాడు. నన్ను సంతోషపెడదామని! చక్రం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. గట్టిగా అరిచాను. వాడు చేతులు వెనక్కి దాచుకున్నాడు. "బాత్రూమ్ టైల్స్ నువ్వు దీంతోనే కడుగుతావుగా నాన్నా" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ముందుకు లాగి చూస్తే వేళ్లు ఎర్రబడి ఉన్నాయి. చాలాసేపు కుళాయి కింద పెట్టి కడిగాను. అదృష్టం బాగుండి అంతటితో పోయింది. అది పిల్లాడికి అందే చోట పెట్టింది నేనే.

సాయంత్రం ఇద్దరం వాడి సైన్సు పుస్తకం తీశాం. గాలి తగలగానే అల్యూమినియం మీద పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. లోహానికి అదే రక్ష. ఘాటైన ఆమ్లమైనా క్షారమైనా ఆ పొరను తినేస్తుంది. "మరి ఇత్తడి చెంబు చింతపండుతో తోముతాం గదరా?" అంది మా అమ్మ. ఇత్తడి అంటే రాగి, జింకు. దాని సంగతి వేరు. సున్నం కూడా క్షారమే కాబట్టి, పిడుగురాళ్ల వెళ్లొచ్చిన రోజే చక్రాల మీద దుమ్మును నీళ్లతో కడిగేయడం మంచిదని మాకు అప్పుడే తట్టింది.

తర్వాత వారానికో చక్రం బాగుచేశాం. మీకూ పనికొస్తుందని ఆ వరస చెబుతున్నాను. ముందు, కనపడని మూల కొంచెం మెటల్ పాలిష్ రుద్ది చూడండి. గుడ్డ నల్లబడితే అది ఉత్త లోహం. నల్లబడకపోతే పైన లక్క పూత ఉన్నట్టు. దాన్ని ఉప్పు కాగితంతో రుద్దకూడదు, కారు షాంపూతో కడిగితే చాలు.

ఉత్త లోహమైతే, చక్రం పూర్తిగా చల్లారాక షాంపూ నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. తెల్లబడిన చోట తడి ఉప్పు కాగితంతో 800, 1000, 1500, 2000 నంబర్ల వరసలో నీళ్లు పోస్తూ రుద్దాలి. ముందరి కాగితం గీతలు పోయేదాకా తర్వాతి నంబరుకు వెళ్లకూడదు. మేం తొందరపడి ఒక నంబరు వదిలేశాం, గీతలు పాలిష్‌లో బయటపడ్డాయి, మళ్లీ మొదటికొచ్చాం. ఆ తర్వాత పాలిష్ పేస్టుతో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పల్చగా వ్యాక్స్ పట్టించాలి. పాలిష్, వ్యాక్స్ బ్రేక్ డిస్క్ మీద పడనివ్వకండి, బ్రేకు జారుతుంది. పగుళ్లున్నా, చక్రం వంగినా ఇంట్లో చేయకుండా మెకానిక్‌కు చూపించండి.

చేతులకు గ్లౌజులు వేసుకున్నాం. కాగితం పని నాది, పాలిష్ పని వాడిది. గుడ్డ నల్లబడుతుంటే "నాన్నా, మురికి ఎంత వచ్చిందో!" అనేవాడు. అందులో సగం మురికి కాదు, చక్రం నుంచి అరిగిన లోహమే అని చెబితే వాడి చెయ్యి నెమ్మదించింది. ఆ మధ్యలో స్కూలు కబుర్లు చాలా చెప్పాడు. లెక్కల పీరియడ్‌లో అర్థం కాకపోయినా అడగడానికి భయపడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

యాసిడ్ లోతుగా తిన్న ఒక చోట మచ్చ పూర్తిగా పోలేదు. ఇంకా రుద్దితే లోహం అరగడమే తప్ప లాభం లేదని వదిలేశాం. కారెక్కేటప్పుడు దాన్ని చూస్తే ఆ రోజు నా అరుపు గుర్తొస్తుంది. వ్యాక్స్ కూడా ఒకసారి పూస్తే సరిపోదు, మెరుపు తగ్గినప్పుడల్లా మళ్లీ పూయాలి. ఇప్పుడు నెలకో ఆదివారం మా ఇద్దరిదీ.

మీ ఇంట్లో యాసిడ్ సీసా ఎక్కడుందో ఈ రోజే ఒకసారి చూడండి. మాది ఇప్పుడు తాళం వేసిన అరలో ఉంది.