మిలటరీ మాధవరం – సిపాయి చొక్కా

ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వైపు ప్యాసింజరు బండిలో వెళ్తుంటే దెందులూరు, భీమడోలు, పూళ్ల, చేబ్రోలు అని వరుసగా స్టేషన్లు వస్తాయి. కుడి చేతి వైపు చేలకూ చేపల చెరువులకూ ఆవల కొల్లేరు. కృష్ణా గోదావరుల నడుమ పల్లంలో పరచుకొన్న ఈ సరస్సు వానకాలంలో పొంగి, ఉప్పుటేరు గుండా సముద్రాన్ని చేరుతుంది. ఈ ప్రాంతపు గాలిలో చెమ్మ ఎక్కువ. బియ్యానికి పురుగు, పుస్తకానికి బూజు, పట్టుచీరకు మచ్చ తప్పవని మన తల్లులకు బాగా తెలుసు. ఇటువంటి నేలలో ఒక గుడ్డను ఎనభై ఏండ్లు దాచడం తేలికైన పని కాదు. మేము బయలుదేరినది అటువంటి గుడ్డల సంగతి తెలుసుకొనడానికే.

గూడెంలో దిగితే ముందుగా ఉల్లిపాయల మార్కెట్టు వాసన పలకరిస్తుంది. ఈ పట్టణానికి యుద్ధంతో ఉన్న సంబంధం చాలామంది ఎరుగరు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆంగ్ల ప్రభుత్వము ఇక్కడ విమానాల కోసం రన్‌వే వేసింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధము ఎక్కడో సీమలో జరిగే సంగతి కాదని ఆనాడు మన కోస్తా గ్రామాలకు తెలిసివచ్చింది.

గూడెం మండలంలోనిదే మాధవరం. చుట్టుపట్ల అందరూ ‘మిలటరీ మాధవరం’ అంటారు. ఇంటికొక సిపాయి అన్న మాట ఈ ఊరి విషయంలో అతిశయోక్తి కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండవ దానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని ఊరివారు చెప్పే లెక్క. తాత సుబేదారు, తండ్రి హవల్దారు, కొడుకు సిపాయి అయిన కుటుంబాలు ఉన్నాయి. అమరులైనవారి స్మారకము ఊరిలో ఉంది. గోడల మీద యూనిఫారంలో దిగిన ఫొటోలు, ట్రంకు పెట్టెల్లో పతకాలు, కలరా ఉండల వాసనతో మడత పెట్టిన చొక్కాలు. వీటిని చూపించేటప్పుడు పెద్దవారి గొంతు మారుతుంది.

ఐతే గాయపడిన రోజున సిపాయి తొడుక్కున్న చొక్కా ఇంటికి చేరడం చాలా అరుదు. దానికి కారణము ఉంది. గాయపడినవానిని స్ట్రెచరు మీద తెచ్చిన వెంటనే గుడ్డలను కత్తెరతో కోసి తీసేవారు. రక్తముతో, బురదతో, పేలతో నిండిన ఆ గుడ్డలు చాలా వరకు మంటలో పడేవి. ఆసుపత్రిలో వేరే బట్టలు ఇచ్చేవారు. కాబట్టి మన ట్రంకు పెట్టెల్లో ఉన్నది తరచుగా తరువాత ఇచ్చిన జతే.

ఖాకీ అనే పేరే ‘ఖాక్’, అంటే మట్టి, ధూళి అన్న పారశీక మాట నుండి వచ్చింది. 1840లలో పెషావరు వైపు మొదలైన ఈ మట్టిరంగు బర్మా అడవుల్లో పనికిరాకపోవడంతో రెండవ యుద్ధంలో అక్కడి సైన్యానికి ఆకుపచ్చ దుస్తులు ఇచ్చారు. రంగూను దగ్గర తౌక్యాన్ సమాధుల తోటలో సమాధి కూడా తెలియని దాదాపు 27,000 మంది పేర్లు రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. వారిలో అత్యధికులు మన దేశపు సిపాయిలు. వారి గుడ్డ పేలిక కూడా ఇంటికి రాలేదు.

రాజుల సంగతి వేరు. లూథరన్ కుటుంబాలవారు స్వీడను రాజు గస్టవస్ అడాల్ఫస్ పేరు విని ఉంటారు. 1627లో పోలండు యుద్ధంలో ఆయన రెండుసార్లు గాయపడ్డాడు. రక్తపు మరకలున్న ఆ దుస్తులను జ్ఞాపకార్థము భద్రపరచమని 1628లో తానే ఆజ్ఞ ఇచ్చాడు. స్టాక్‌హోములోని రాజ ఆయుధశాల ఆ విధంగానే మ్యూజియం అయింది. మెడ దగ్గర దిగిన తూటాను వైద్యులు తీయలేకపోయారు. అందువలన ఇనుప కవచము బరువు మోయలేక, ఎల్క్ అనే పెద్ద దుప్పి తోలుతో కుట్టిన కోటు వేసుకొని 1632లో లూట్జెన్ యుద్ధానికి వెళ్లి అక్కడే చనిపోయాడు. శత్రువులు ఆ కోటును వియన్నాకు పట్టుకుపోయారు. దాదాపు 300 సంవత్సరాలు అది అక్కడే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత స్వీడను రెడ్‌క్రాసు చేసిన సహాయానికి కృతజ్ఞతగా 1920లో ఆస్ట్రియా దానిని తిరిగి ఇచ్చింది. ప్రొటెస్టంట్లు, కథోలికులు ఒకరినొకరు చంపుకొన్న ఆ యుద్ధము మనము గొప్పగా చెప్పుకోదగినది కాదు. మాకు నచ్చినది ఆ కోటు తిరిగివచ్చిన విధము.

గుడ్డ మాట్లాడుతుందని బైబిలు చదివే కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. యోసేపు అంగీ చూచి యాకోబు ఏడ్చాడు. ఆ రక్తము మేకపిల్లది, కాని తండ్రి దుఃఖము నిజమైనదే. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన బట్టలే. ఆ బీద స్త్రీల దగ్గర వేరే సాక్ష్యము లేదు. మాధవరం ముసలమ్మలు ట్రంకు పెట్టె మూత తెరిచినప్పుడు మాకు వాళ్లే గుర్తుకు వచ్చారు.

మాధవరంలోనే కాదు, కొల్లేటి లంకల్లోనూ ఏలూరు పేటల్లోనూ సైన్యానికి వెళ్లిన తాతలు ఉన్నారు. మీ ఇంట అటువంటి చొక్కా ఉంటే సబ్బు పెట్టి ఉతకకండి. మరక కూడా చరిత్రే. ప్లాస్టిక్ సంచిలో మూటకడితే చెమ్మ లోపలే నిలిచి బూజు పడుతుంది. ఉతికి ఆరబెట్టిన పాత నూలు పంచెలో వదులుగా చుట్టండి. వానలు వెలిసిన తరువాత ఏడాదికొకసారి నీడపట్టున గాలికి ఉంచండి. ఇత్తడి బొత్తాలకు చింతపండు రుద్దవద్దు. జేబులో కాగితాలుంటే విడిగా తీసి దాచండి. ఆయన నంబరు, రెజిమెంటు పేరు వాటి మీదే ఉంటాయి.