వెదురు పుల్లల రెక్కలు

డిసెంబరు దగ్గరపడితే సండేస్కూలు టీచర్లకు నిద్ర పట్టదు. గొర్రెల కాపరులకు దుప్పట్లు దొరుకుతాయి. జ్ఞానుల కిరీటాలకు అట్టముక్కలు చాలు. యోసేపుకు ఏ తాతగారి చేతికర్రో సరిపోతుంది. చిక్కంతా దేవదూత రెక్కల దగ్గరే. హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో మాది చిన్న సంఘం. కిందటి క్రిస్మస్‌కు నాటికతోపాటు, ప్రతి బిడ్డకూ రెక్కలు కట్టి ఒక ఫోటో తీసి ఇవ్వాలని మా యౌవనస్థులు తీర్మానించారు. కొందరు పిల్లల తండ్రులు గల్ఫ్ దేశాలలో పని చేస్తున్నారు గనుక తల్లులు ఎంతో సంతోషించారు.

అద్దెకిచ్చే రెక్కలు తెప్పించి చూశాము. తళుకుల వలగుడ్డ, సన్నని తీగ. ఇద్దరు పిల్లలు వేసుకునేసరికి వంకర పోయాయి. తీగ కొన మెడకు గుచ్చుకుంటున్నది. మనమే చేసుకుందామన్నాము.

పనికి కూర్చోగానే ఒక టీచరు, "అయ్యగారూ, ఇంతకూ దేవదూతకు ఎన్ని రెక్కలు?" అని అడిగింది. మంచి ప్రశ్న. యెషయా చూచిన సెరాపులకు ఆరేసి రెక్కలు. యెహెజ్కేలు చూచిన జీవులకు నాలుగేసి. కాపరులకు కనబడిన దూతకు రెక్కలున్నవని లూకా వ్రాయనే లేదు. అబ్రాహాము ఇంటికి వచ్చినవారైతే కాళ్లు కడుక్కోను నీళ్లు పెట్టించుకొని, చెట్టు క్రింద కూర్చుండి భోజనం చేశారు. రోమాలో భూమి క్రింద ఉన్న ప్రిస్కిల్లా సమాధుల గోడ మీద తొలినాటి విశ్వాసులు గీసిన దూతకు కూడా రెక్కలు లేవు. నాలుగవ శతాబ్దం చివరకు గాని క్రైస్తవ చిత్రాలలో దూతలకు రెక్కలు రాలేదు. ఈ సంగతి పిల్లలకు చెబితే వారి ముఖాలు చిన్నబోయాయి. రెండు రెక్కలు చాలునని తేల్చాము.

మా వీధికి దగ్గరలో పతంగులు కట్టే పెద్దాయన ఉన్నారు. ధూల్‌పేట, గుల్జార్ హౌజ్ దుకాణాలకు సంక్రాంతి సరుకు డిసెంబరులోనే అందాలి గనుక ఆయనకు ఊపిరి సలపని రోజులవి. అయినా మేము వెళ్లి, "చాచా, పిల్లలకు రెక్కలు కావాలి" అంటే నవ్వి, "పతంగి అంటే రెక్కే గదా, పాస్టర్ సాబ్" అంటూ చాప మీద చోటిచ్చారు. వెదురు బాగా ఎండినదై ఉండాలి, పచ్చిదైతే ఎండినకొద్దీ ముడులు వదులైపోతాయి. పుల్లను వంచేటప్పుడు నున్నటి చర్మం వైపు బయటకు ఉంచి, లోపలి మెత్తని భాగాన్ని కత్తితో గీకి, దీపం సెగ చూపుతూ కొంచెం కొంచెంగా వంచాలి. కట్టడానికి నూలు దారమే వాడమన్నారు. నైలాన్ మాంజా సంగతి ఎత్తితే ఆయనకు కోపం. దానిని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. నిజమైన రెక్కలను కోసే దారంతో పిల్లల రెక్కలు కట్టడమేమిటన్నారు. చివరకు జతను మధ్యన వేలి మీద నిలబెట్టి, బరువుగా వాలిన వైపు ఇంకొంచెం గీకారు. లేకపోతే బిడ్డ ఒక ప్రక్కకు ఒరిగి నడుస్తుందట.

ఈకల కొరకు కోళ్ల దుకాణానికి వెళ్లివస్తామని ఒక తమ్ముడు బయలుదేరాడు గాని, ఆ వాసన తలచుకొని అందరం ఆపాము. పాత పంచెలు ఉతికి, చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మామిడాకుల ఆకారంలో కత్తిరించాము. పెంకుటిల్లు కప్పినట్లే క్రింది వరుస ముందు అంటించి, దాని మీదికి పై వరుస రావాలి. జిగురు ఉడికించిన మైదాపిండే. పోస్టర్లు అంటించేవారు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల వస్తువులకు వద్దు. గ్రామాలలో ఉన్న మీరు చేసుకోదలిస్తే ఇందులో కొనవలసినది దాదాపు ఏమీ లేదు.

అంతా సిద్ధమయ్యాక ఒక సహోదరి తన చిన్నదాన్ని ఫోటోకు నిలబెట్టనన్నది. అంతకు ముందటి సంవత్సరం ఆమె మగబిడ్డ జ్వరంతో చనిపోయాడు. సమాధి దగ్గర ఆమెను పట్టుకొని, దేవుడు వాణ్ణి దేవదూతను చేసుకున్నాడని ఎందరో ఓదార్చారు. మేము అడిగినప్పుడు ఆమె తల ఎత్తకుండా, "వద్దు అయ్యగారూ. ఒకడికి రెక్కలొచ్చాయన్నారు, చాలు" అన్నది.

ఓదార్చినవారి ప్రేమను మేము తప్పుపట్టము. అయితే చనిపోయిన పిల్లలు దూతలవుతారని లేఖనము చెప్పదు. దూతలు వేరు, మనుష్యులు వేరు. ఒకరు మారి ఇంకొకరు కారు. దావీదు తన పసిబిడ్డ చనిపోయినప్పుడు, తానే ఒకనాడు వాని యొద్దకు వెళ్తానన్నాడు. అంటే అక్కడ ఉన్నది అతని బిడ్డే. "అమ్మా, నీ కొడుకు నీ కొడుకుగానే ఉన్నాడు" అని మాత్రం చెప్పి వచ్చాము. ఆమె ఏమీ అనలేదు.

శనివారం సాయంకాలం తనంతట తానే వచ్చింది. రెక్కలను చేతిలోకి తీసుకొని ముందువైపు చూడలేదు, వెనక్కి త్రిప్పింది. వెదురు పుల్లలు, దారపు ముడులు, ఎండిన మైదా మరకలు, ఎవరిదో పంచె అంచు. ఒక్కొక్క ముడినీ బొటనవ్రేలితో నొక్కి చూచింది. చాలాసేపయ్యాక, "ఈ పట్టీ భుజానికి కోసుకుంటుంది" అని, సూది దారం అడిగింది. ఇంటికి వెళ్లి పాత చీర చించి తెచ్చి, రెండు పట్టీలకూ మెత్తగా మడతలు పెట్టి కుట్టింది. అది ముగిసేసరికి రాత్రి పది దాటింది.

మరునాడు ఆరాధన తరువాత పిల్లలు వరుస కట్టారు. ఆ చిన్నది ఏడవది. ఫోటోలో తెల్లగౌను మీద ఆకుపచ్చ చీరముక్క రెండు భుజాల దగ్గరా స్పష్టంగా కనబడింది. ఫోటో తీసిన తమ్ముడు, ఫోనులోనే దానిని చెరిపేసి ఇస్తానన్నాడు.

"ఉండనీ బాబూ" అన్నది ఆమె. "అది నా చీరే."