భోగి మంటలకు ముందే!

సంక్రాంతి నెల పట్టిందంటే బెజవాడలో సగం మంది కోడిపందేల ముచ్చట్లలో ఉంటారు. మిగతా సగంలో కొందరు భుజాన ఖాళీ సంచి వేసుకుని తిరుగుతుంటారు. ఈ కబుర్లు ఆ సంచివాళ్లవి.

1989లో మొదలైన పుస్తక మహోత్సవం జనవరి మొదట్లోనే వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి అది స్వరాజ్య మైదానంలో జరిగేది. పాతవాళ్లకు అది పీడబ్ల్యూడీ గ్రౌండ్సే. ఇప్పుడక్కడ 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబడింది. 2025లో పండగ ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది, జనవరి 2న పవన్ కల్యాణ్ ప్రారంభించారు. మధ్యలో ఒక సాయంత్రం పుస్తకప్రియుల పాదయాత్ర ఉంటుంది. పుస్తకం కోసం ఊరేగింపు తీసే ఊరు మనది!

స్టాళ్లలో కొత్త పుస్తకం కొన్నాక అసలు వేటగాళ్లు లెనిన్ సెంటర్ పాతపుస్తకాల కొట్ల దారి పడతారు. అక్కడ పైవరసంతా ఇంజనీరింగ్ పుస్తకాలు, పోటీపరీక్షల గైడ్లు. ఓపికగా అడుగు వరసలు తిరగేస్తే పాత చందమామో, యువ దీపావళి సంచికో, ఎమెస్కో పాకెట్ బుక్కో తగులుతుంది. ఆంధ్రపత్రిక ఉగాది సంచిక దొరికిందా, ఆ రోజుకి ఇక అన్నం అక్కర్లేదు. అయితే మొహంలో సంబరం కనపడనివ్వకండి. అట్ట మీద వెల ముప్పావలా ఉన్నా, మీ కళ్లు చూసే కొట్టతను ధర చెబుతాడు. పక్కన ఇంకో పిచ్చివాడు చెయ్యి చాస్తే సరేసరి. ఒకటోసారి, రెండోసారి అనేవాడు లేడన్నమాటే గానీ, అదీ వేలంపాటే. పాటలో ఓడినాయన టీకొట్టు దగ్గర గెలిచినాయన్ని పట్టుకుని, “నా దగ్గర ఇంకో ఏడాది సంచిక రెండు కాపీలున్నాయండీ, మార్చుకుందామా?” అని బేరం మొదలెడతాడు.

ఈ సరుకంతా ఎక్కణ్ణుంచి వస్తుందంటారా? డెల్టా ఊళ్లలో చదువు పాతకాలపుదే మరి. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది బెజవాడలోనే. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో గ్రంథాలయం పెట్టి కాలువ వెంబడి ఊళ్లకు పుస్తకాలు తిప్పారు. చందమామ, యువ నడిపిన చక్రపాణిగారిది తెనాలి. ఆ తరం వాళ్లు కొని దాచినవి ఇంకా అటకల మీద ఉన్నాయి. సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడే అవి కిందికి దిగుతాయి. దిగినవాటికి రెండే దారులు: పాతపేపర్లవాడి కాటా, లేకపోతే భోగిమంట.

అందుకే పండక్కి మచిలీపట్నమో, రేపల్లో, గుడివాడో వెళ్లేవాళ్లకి ఒక మనవి. పిడకల దండలు గుచ్చే హడావిడిలో ఉన్నా సరే, అటక మీది ట్రంకుపెట్టె ఒక్కసారి తెరిచి చూడండి. మంటకి విరిగిన కుర్చీ వెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు. పుస్తకాలు మాత్రం సంచిలో వేసి లెనిన్ సెంటర్‌కి పట్రండి. కొనకపోతే కనీసం మార్చుకుంటాం!