మాయ తీసిన చెయ్యి

కూచిపూడి పేరు వినగానే బయటివాళ్లకు గజ్జెల చప్పుడు గుర్తొస్తుంది. మా ఇంట్లో మాత్రం తెల్లవారేది పాలచెంబు చప్పుడుతో. బడిలో పంతులుగా ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాకా మా కొట్టంలో రెండు గేదెలు ఎప్పుడూ ఉండేవి. వాటికి జబ్బు చేసి డాక్టరు గారు వస్తే కుర్చీ వేసి కాఫీ ఇచ్చేవాణ్ణి. వెంట వచ్చిన సహాయకుడి చేతికి పలుపు ఇచ్చి గట్టిగా పట్టుకోమనేవాణ్ణి. ఆయన్ను "మీరు" అనేవాణ్ణి, ఇతన్ని "ఏవోయ్" అని పిలిచేవాణ్ణి. ఆ కుర్రాడు రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరాడని నాకు తెలుసు. అయినా నా నోటికి "కాంపౌండరు" అనే వచ్చేది.

ఇది చిన్న తప్పు. పెద్దది ఒక కార్తీక మాసంలో చేశాను.

అంతకు మూడు నెలల ముందు ఒక చూడి గేదెను కొన్నాను. పొదుగు చూసి, ధర చూసి మురిసిపోయాను. ఎందుకంత తక్కువకు ఇస్తున్నారని అడగలేదు, రక్తపరీక్ష చేయించలేదు. ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక రాత్రి అది ఈసుకుపోయింది. పిండాన్ని గోనెసంచిలో చుట్టి, చీకట్లోనే తీసుకెళ్లి మురుగు కాలువలో పడేసి వచ్చాను. ఈసుకుపోయిన గేదె అని ఊళ్లో తెలిస్తే కొనేవాడుండడు. దాన్ని అమ్మేయాలని అప్పటికే నిశ్చయించుకున్నాను.

తెల్లారినా మాయ పడలేదు. ఆ సహాయకుడికి ఫోన్ చేశాను. డాక్టరు గారితో ఫోనులో మాట్లాడి, బండి మీద వచ్చాడు. "నెలలు నిండాయా మాష్టారూ?" అని అడిగాడు.

"నిండాయి. దూడ చచ్చి పుట్టింది" అన్నాను. అబద్ధమాడొద్దని ముప్ఫయ్యేళ్లు పిల్లలకు చెప్పిన నోరది.

అతని సంచిలో పొడుగు గ్లోవ్స్ తెల్లవారుజామున ఇంకో ఊళ్లో అయిపోయాయి. నెలలు నిండిన ఈతేనని నా మాట నమ్మి, సబ్బుతో చెయ్యి కడుక్కుని మోచేతి దాకా లోపల పెట్టాడు. బలవంతంగా లాగలేదు. ఊడివచ్చినంత వరకే తీసి, గర్భసంచిలో మాత్రలు పెట్టి, సూది వేశాడు. మాయను ఒకసారి తిప్పి చూశాడు, నా ముఖం కేసీ చూశాడు. పంతులు గారి మాట కదా, ఇంకేమీ అడగలేదు. అతని వేళ్ల మీద పగుళ్లున్నాయి. అవి నాకు కనిపించాయి. కనిపించినా నోరు విప్పలేదు. వంద రూపాయలు ఇవ్వబోతే వద్దన్నాడు.

మూడు వారాలకు అతనికి జ్వరం పట్టుకుంది. సాయంత్రం వచ్చేది, రాత్రి చెమటలు పట్టి తెల్లారేసరికి తగ్గేది. నడుము, కీళ్లు పట్టేసేవి. టైఫాయిడ్ అనుకుని మందులు వాడారు, తగ్గలేదు. చివరికి విజయవాడలో ఒక డాక్టరు "ఏం పని చేస్తావు?" అని అడిగి, జవాబు విని బ్రూసెల్లోసిస్ పరీక్ష రాశారు. ఉందని తేలింది.

ఆ జబ్బు తెచ్చేది పశువుల్ని ఈసుకుపోయేలా చేసే సూక్ష్మజీవి. పిండంలో, మాయలో, ఉమ్మనీటిలో విపరీతంగా ఉంటుంది. మనిషికి సోకడానికి చేతి మీద ఒక గాటు చాలు, కాచని పాలు చాలు. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు జ్వరంతో చనిపోయిన సైనికుల శరీరాల్లో ఈ జాతి సూక్ష్మజీవిని కనిపెట్టారు. అది అక్కడి మేకపాల ద్వారా వస్తోందని తెలుసుకోవడానికి 1905 దాకా పట్టింది. ఈ కుర్రాడికి ఎక్కడ సోకిందో నేను ఒక్క మాటలో చెప్పగలిగి ఉండీ చెప్పలేదు.

ఆరు వారాలు రెండు రకాల యాంటీబయాటిక్స్ వాడాలన్నారు. మందులు మొదలుపెట్టిన పదో రోజున మా ఇంటికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. అరుగు మీద కూర్చుని, "మాష్టారూ, ఆ గేదె ఈసుకుపోయిందా?" అని అడిగాడు. తల దించుకున్నాను. తిడతాడనుకున్నాను.

"పాప పచ్చిపాలు తాగడం లేదు కదా?" అన్నాడు. మా మనవరాలి గురించి. ఆ మాట విన్నాక నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఆ రోజే గేదెకు రక్తపరీక్ష చేయించాం. దానికీ ఉంది. ఇక అమ్మే మాట తలపెట్టలేదు. విడిగా కట్టేశాను. మందుల డబ్బు ఇస్తే అతను తీసుకోలేదు. వాళ్లమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ తీసుకుని, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ చేసింది న్యాయం.

ఎండాకాలంలో మా పెయ్యదూడకు టీకా వేయడానికి అతనే వచ్చాడు. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, జన్మకొక్కసారే వేసే టీకా అది. గ్లోవ్స్, మాస్కు, కళ్లద్దాలు అన్నీ పెట్టుకున్నాడు. "ఇందులో ఉన్నది బతికున్న సూక్ష్మజీవే మాష్టారూ. సూది నాకు గుచ్చుకుంటే నాకే జబ్బు రావచ్చు" అన్నాడు. అంత జబ్బు పడి లేచినవాడు, మళ్లీ ఆ సూక్ష్మజీవి ఉన్న సూదే చేత్తో పట్టుకున్నాడు. ఈసారి పలుపు నేను పట్టుకున్నాను. పని అయ్యాక కుర్చీ వేసి, "కూర్చోండి" అన్నాను.

2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ఇలాంటి సహాయకులు చాలా ఊళ్లకు వచ్చారు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సులోనూ డాక్టరు పక్కన ఒకరుంటారు. గాలికుంటు టీకాలు వేసేదీ, చెవి పోగులు కుట్టేదీ ఎక్కువగా వీళ్లే. గేదె కొమ్ము విసిరితే ముందు తగిలేదీ వీళ్లకే.

మీ గేదె ఈసుకుపోతే దాచకండి. పిండాన్నీ మాయనూ కాలువలో వేయకండి, ఉత్త చేతులతో ముట్టుకోకండి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. వచ్చిన మనిషి చెయ్యి పెట్టకముందే నిజం చెప్పండి. అతని సంచిలో గ్లోవ్స్ లేకపోతే, పని కాసేపు ఆపించి మందుల షాపుకు మీరే వెళ్లి తెండి.