తువ్వాలిస్తే తప్పట!

కంచెకి ఇవతల నేను, అవతల మా ఆయన. మధ్యన మూడడుగులుంటుందేమో. అప్పుడే చెరువులోంచి లేచి పరుగెత్తుకొచ్చారు. ఒళ్లంతా నీళ్లోడుతోంది, పెదాలు నల్లబడ్డాయి. నా చేతిలో తువ్వాలుంది, చాచాను. ఎక్కణ్ణుంచి చూసిందో, పసుప్పచ్చ కోటు వేసుకున్న వలంటీరు పెద్దావిడ గబగబా వచ్చి, "వద్దమ్మా, నువ్విస్తే ఆయనకే నష్టం" అంది, నవ్వుతూనే. ఈ దేశంలో కాదనేవాళ్లంతా నవ్వుతూనే కాదంటారు. తిరిగి ఓ మాట అనడానికి మనకి సందే దొరకదు.

ట్రయథ్లాన్‌లో బయటివాళ్ల సాయం పుచ్చుకోకూడదట. అదీ రూలు. సరే, బయటివాళ్లంటే ఎవరు? పాతికేళ్లుగా ఈ మనిషికి తలంటుకి నీళ్లు తోడిన నేను బయటిదాన్నా? ఆదివారం నుంచి ఇంట్లో ఇదే గొడవ. ఆయన జవాబు చెప్పకుండా సైకిలు గొలుసుకి నూనె రాసుకుంటున్నారు.

మేముండేది లీడ్స్. ట్రయథ్లాన్‌లో పేరుమోసిన బ్రౌన్లీ అన్నదమ్ముల ఊరు. ఈ ఊళ్లో సైకిలు తొక్కుతూ నడివయసుకొచ్చిన మగవాడికి ట్రయథ్లాన్ పురుగు కుట్టకుండా ఉండడం కష్టం. చిన్న పోటీ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్స్‌లో అన్నీ దీనికి రెట్టింపు. ఇంతవరకూ నాకు పేచీ లేదు. పేచీ అంతా మధ్యలో వచ్చే ఆ రెండు ఘట్టాలతోనే. ఈత నుంచి సైకిలుకి మారేది టీ-వన్, సైకిలు నుంచి పరుగుకి మారేది టీ-టూ. గడియారం ఆగదు. బట్టలు మార్చుకున్న సేపు కూడా లెక్కలోకే! పోటీ అయ్యాక వచ్చే ఫలితాల పట్టికలో ఈత ఎంతసేపు, సైకిలు ఎంతసేపు అన్నవాటి పక్కనే, ఈ పెద్దమనిషి రబ్బరు సూటు విప్పుకోవడానికి ఎంతసేపు తంటాలు పడ్డాడో కూడా అచ్చేసి లోకానికి చూపిస్తారు. మావారి టీ-వన్ నాలుగు నిమిషాల పైచిలుకు. ఒలింపిక్ వాళ్లు నిమిషంలోపే కానిచ్చేస్తారట. చేతికి తువ్వాలందితే ఈయనకీ ఓ అర నిమిషం తగ్గేదేమో, చెప్పలేం.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, సైకిళ్లు పెట్టి బట్టలు మార్చుకునే ఆ చోటు చూస్తే ముచ్చటేస్తుంది. వందల సైకిళ్లు పొడవాటి కమ్మీల మీద సీటు తగిలించి వేలాడుతుంటాయి. ఒక్కొక్కరికీ ఓ మూరెడు నేల. అందులోనే వాళ్ల సంసారమంతా. హ్యాండిల్ మీద హెల్మెట్ వెల్లకిలా, పట్టీలు బయటికి తీసి. దాంట్లో నల్లకళ్లజోడు. కింద బూట్లు, తడికాలు జారేలా లోపల పౌడరు చల్లి, ముడేసే పని లేకుండా సాగే లేసులు తగిలించి. చేయి తిరిగినవాళ్లు సైకిలు బూట్లని ముందే పెడల్‌కి బిగించేసి, అవి వేలాడకుండా రబ్బరు బ్యాండ్లతో కట్టి, ఒట్టికాళ్లతో పరుగెత్తి సైకిలు మీదికి ఎగిరి కూర్చుంటారు. రూల్సు కూడా కచ్చితం. తలకి హెల్మెట్ పెట్టి, గడ్డం కింద బకిల్ బిగించందే సైకిలు ముట్టుకోకూడదు. తిరిగొచ్చాక సైకిలు కమ్మీకి తగిలించందే ఆ బకిల్ ఊడదీయకూడదు. బయట నేల మీద గీసిన గీత దాటాకే సైకిలెక్కాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జానీ బ్రౌన్లీ ఆ గీతకి ముందే ఎక్కేశాడని 15 సెకన్ల శిక్ష వేశారు. సొంత దేశం, సొంత జనం, హైడ్ పార్కు నిండా కేకలు. అయినా పరుగు మధ్యలో ఆగి, శిక్ష అనుభవించి, మళ్లీ పరుగెత్తి కంచు పతకం తెచ్చుకున్నాడు. వాళ్లన్న అలిస్టర్‌కి బంగారం. ఇంటి కుర్రాణ్ణి కూడా వదల్లేదు చూడండి, అక్కడ మాత్రం వీళ్లకి దణ్ణం పెట్టాలి.

అలాగని తడిబట్టల్లోంచి పొడిబట్టల్లోకి మారడం వీళ్లే కనిపెట్టినట్టు మాట్లాడితే ఒప్పుకోను. 1991 గోదావరి పుష్కరాల్లో, రాజమండ్రి కోటిలింగాల రేవులో మా అమ్మమ్మని చూశాను. తడిచీర మీదే పొడిచీర చుట్టబెట్టి, కొంగు పళ్లతో పట్టుకుని, లోపలి చీరని అలా జారవిడిచేది. వేలమందిలో నిలబడి, వేలెడు ఒళ్లు కనపడకుండా! ట్రయథ్లాన్‌లోనూ బట్టల్లేకుండా కనపడితే తప్పేనట. మా అమ్మమ్మకి ఆ రూలు ఎవరూ చదివి వినిపించాల్సిన పన్లేదు.

పోలిక ఇంతవరకే కుదురుతుంది. అమ్మమ్మకి తర్వాత సైకిలెక్కే పని లేదుగా. పైగా ఆవిడ చుట్టూ ఎన్ని చేతులు! పిన్ని దుప్పటి అడ్డం పట్టుకునేది. అత్తయ్య తడిచీర పిండేది. పక్కన ఎవరో తణుకు నుంచి వచ్చినావిడట, ముక్కూ మొహం తెలీదు, మా తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడింది. ఆ తర్వాత వాడు ఆవిడ చంక దిగనని ఏడుపు. ఆవిడేమో మా క్యారేజీలోని పులిహోర వాడికి తినిపిస్తూ, మా అమ్మతో కూతురి పెళ్లి సంబంధాల సంగతి మొదలెట్టింది. మెట్ల మీదే ఎండెక్కిపోయింది. మా నాన్న గట్టు మీంచి కేకలేస్తున్నా ఎవరికీ పట్టలేదు. అంతసేపూ ఎవరు ఎవరికి బయటివాళ్లో అడిగే దిక్కు లేదు.

నా బాధ తెలిసి మావారు ఓ వీడియో చూపించారు. 2016 సెప్టెంబరు, మెక్సికోలో కోజుమెల్. ముందు పరుగెత్తుతున్న జానీ, ముగింపు గీత ఇంకా కొన్ని వందల మీటర్లుందనగా ఎండదెబ్బకి తూలిపోయాడు. వెనకొస్తున్న అలిస్టర్ తన గెలుపు సంగతి వదిలేసి, తమ్ముడి చెయ్యి భుజం మీద వేసుకుని లాక్కొచ్చి, గీత దగ్గర వాణ్ణే ముందుకి తోశాడు. దక్షిణాఫ్రికా కుర్రాడు గెలిచాడు, తమ్ముడు రెండు, అన్న మూడు. చూస్తుంటే కళ్లు చెమర్చాయి. "చూశావా, సాయం చెయ్యనిస్తారు" అన్నారీయన గెలిచినట్టు. తోటి పోటీదారుడైతే అప్పట్లో చెల్లిందట. ఆ మీదట దానికీ అడ్డుకట్ట వేశారు, ఇప్పుడు అన్నయినా సరే భుజం పట్టి నడిపించకూడదు. 2019లో టోక్యోలో మా లీడ్స్ పిల్ల జెస్ లెర్మంత్, జార్జియా టేలర్-బ్రౌన్ చేయీ చేయీ పట్టుకుని నవ్వుతూ గీత దాటితే, కావాలనే సమానంగా వచ్చారని ఇద్దర్నీ పోటీలోంచి తీసేశారు. చేతులు కలపడం కూడా నేరమేనన్నమాట! ఇక నా తువ్వాలు ఏపాటిది?

ఆ ఆదివారం టీ-టూ దగ్గర మాత్రం నేనే చెయ్యి చాచలేదు. సైకిలు దిగిన మనిషికి కాళ్లు తనవి కాకుండా పోతాయట. అంతసేపు ఒకే తీరున తిరిగిన కండలు నేల మీద అడుగెయ్యడం మర్చిపోయి, మొదటి కిలోమీటరు దుంగలు ఈడ్చినట్టుంటుందట. అది అలవాటవ్వాలనే సైకిలు తొక్కి, దిగీదిగగానే పరుగెత్తడం సాధన చేస్తారు. ఈయన హెల్మెట్ ఊడదీసి, బూట్లు మార్చుకుని, కంచె పక్కనుంచే తూలుతూ వెళ్లారు. తలెత్తి చూడనైనా లేదు. ఆ వలంటీరు పెద్దావిడ మాత్రం నా పక్కనే నిలబడి, "మీ ఆయనేగా, బాగా చేస్తున్నాడు" అని చప్పట్లు కొట్టింది. తన మొగుడూ ఇవి చేసేవాడట, మోకాళ్లు పాడయ్యాక మానేశాడట. ఫ్లాస్కులోంచి నాకు టీ పోసిచ్చింది. పోటీలో లేనివాళ్లకి ఎంత సాయమైనా చెయ్యొచ్చు కాబోలు.

వచ్చే నెల ఇంకో పోటీ ఉంది, వలంటీర్లు కావాలని ఆవిడే చెప్పింది. పేరిచ్చేశాను. సైకిలెక్కే గీత దగ్గర వెయ్యమని అడిగాను కూడా. ఈ మాట చెప్పినప్పటి నుంచీ మా ఆయన రోజూ సాయంత్రం ఇంటి ముందు సుద్దముక్కతో గీత గీసి, సైకిలు పక్కన పరుగెత్తుకొచ్చి, ఆ గీత దాటి బారెడు దూరం వెళ్లాక గానీ ఎక్కడం లేదు.