ఇంజను నాడి

హకీముకు నాడి ఎట్టిదో, మోటారు మిస్త్రీకి ఇంజను శబ్దము అట్టిది. ఈ సంగతి మేము మా నాన్నగారు విడిచి వెళ్ళిన అంబాసిడరు కారు వలన తెలిసికొంటిమి. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ వారు 1950 దశకము చివర బెంగాలులోని ఉత్తరపారాలో ఆరంభించి, 2014 మే నెలలో నిర్మాణము నిలిపిన కారు అది. మాది 1489 సి.సి. పెట్రోలు ఇంజను.

ఒక వేసవిలో ఆత్మకూరు దాటి నల్లమల ఘాటు ఎక్కుచుండగా ఇంజనులో టకటకమను చప్పుడు మొదలైనది. నందికొట్కూరు చేరి చూపించగా, ఒక షెడ్డులో బానెట్ ఎత్తకయే "బేరింగులు పోయినవి, పాత ఇనుముకు అమ్ముకొనుడు" అనిరి. ఇంటిలో బేరము మాట కూడ వచ్చినది. అమ్మ మాత్రము ఏమియు పలుకలేదు. ఆ మౌనము చూచి, అమ్మకమునకు ముందు మరియొక వృద్ధ మిస్త్రీ సాహెబుకు చూపితిమి.

ఆయన పానా ముట్టలేదు. "చప్పుడు ఎట్లుందో తర్వాత, ఎప్పుడొస్తాదో ముందు చెప్పు బేటా" అనిరి. పిదప ఒక్కొక్కటే వివరించిరి. చల్లని ఇంజనులో వినబడి, వేడెక్కిన కొలది తగ్గునది పిస్టను వదులు. సన్నని టిక్‌టిక్ టాపెట్లది. ఆయిలు ప్రెషరు పడిపోయి, లోతుగా దబదబలాడినచో మెయిన్ బేరింగులు. ప్లగ్గు తీగలు ఒక్కొక్కటి తీయుచుండగా ఏ సిలిండరు వద్ద చప్పుడు తగ్గునో, అక్కడి కనెక్టింగ్ రాడ్ బేరింగు అనుమానింపదగినది. దానితోనే బండి నడిపినచో రాడ్ విరిగి బ్లాకునే చీల్చవచ్చును.

పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి చేర్చి వినిరి. ఆయిలు ప్రెషరు సరిగనే యున్నది. తీగల పరీక్షలోను దోషము కనబడలేదు. అప్పుడు రోడ్డెక్కి, టాపు గేరులో నెమ్మదిగా పోవుచు యాక్సిలరేటరు గట్టిగా నొక్కిరి. చప్పుడు వచ్చినది. కాలు తీయగనే పోయినది. గేరు తగ్గింపగా మరల రాలేదు.

అది ఇనుము అరిగిన చప్పుడు కాదు, పెట్రోలు మండుటలోని దోషము. స్పార్కు వలన పుట్టిన జ్వాల క్రమముగా వ్యాపింపవలెను. అది చేరక ముందే చివర మిగిలిన మిశ్రమము వేడికి, ఒత్తిడికి తానే భగ్గుమన్నచో, ఆ ఒత్తిడి తరంగములు సిలిండరు గోడలను కొట్టును. దీనిని అణచుటకే 1921లో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలిపి చూచెను. అది విషమగుటచే మన దేశము 2000లో సీసపు పెట్రోలును విడిచినది.

మా కారులో డిస్ట్రిబ్యూటరు బిగింపు వదులై, టైమింగు ముందుకు జరిగినది. దానిని వెనుకకు సరిచేయగా చప్పుడు చాలవరకు తగ్గినది. హెడ్డు విప్పి బొగ్గు గీకించిన పిదప పూర్తిగా పోయినది. కారు అమ్ముడు పోలేదు. అమ్మ దానిలోనే కర్నూలు పోయి వచ్చుచున్నది.

మిత్రులారా! యంత్రమైనను మనిషియైనను, తీర్పు చెప్పుటకు ముందు బాధ ఎప్పుడు, ఏ బరువు మీద, ఏ వేడిలో కలుగుచున్నదో అడుగవలెను. ఖర్చు లేని పరీక్ష మొదట, విప్పుట చివర అను ఆ మిస్త్రీ పద్ధతి మన పాఠ్యగ్రంథములకు తీసిపోవునది కాదు.